ఎగరని రాకెట్టు, ఎగిరే రాకెట్టు

దీపావళినాటి రాత్రి తారాజువ్వను చూడని తెలుగు బాలుడు వుండడు. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాలలో ఆ రాత్రి మరొక వేడుక కూడ వున్నది. ఎండిన గోగుకర్రల చివర నూనెగుడ్డలు చుట్టి, వెలిగించి, పిల్లలచేత వాటిని నేలకు కొట్టిస్తారు. ఆ తరువాతనే బాణసంచా. అనగా నిప్పుకూ, తేలికైన పుల్లకూ, ఆకాశానికీ వున్న సంబంధం ఇక్కడి పిల్లలకు భౌతికశాస్త్ర పుస్తకం తెరవకముందే పరిచయమై వుంటుంది. అటువంటి పిల్లలు ఉన్నత పాఠశాలలో చేరిన తరువాత, సైన్సు ప్రదర్శనకు ఏదైనా ఒక నమూనా చేసి తెమ్మన్నప్పుడు రాకెట్టునే ఎంచుకోవడంలో వింత ఏమీ లేదు.

అయితే ఆ రాకెట్టు వారికి ఏమి నేర్పుతున్నది? ఒక పద్యాన్నో, చిత్రాన్నో విమర్శకు పెట్టినట్లే పాఠశాల నమూనాను కూడ గుణదోష విచారణకు పెట్టవలసి వున్నది. నమూనా కూడ ఒక రచన వంటిదే. అది ఒక విషయాన్ని చెబుతున్నది. చెప్పేది సత్యమా కాదా, స్పష్టమా కాదా అని అడిగే హక్కు చూచేవారికి వున్నది. ఈ దృష్టితో చూస్తే చేతితో చేసే రాకెట్లు మూడు రకాలుగా కనబడతాయి: నిలబడి వుండేది, మందు కూరినది, నీటితో ఎగిరేది.

నిలబడి వుండే రాకెట్టు

మొదటి రకం అందరూ ఎరిగినదే. అట్టగొట్టం, థర్మోకోలు ముక్కు, నాలుగు రెక్కలు, తెల్లరంగు, దానిపై మూడు రంగుల జెండా. పక్కన ఒక బాలిక నిలబడి మొదటి అంతస్తు, రెండవ అంతస్తు, ఉపగ్రహం అని వరుసగా వేలితో చూపుతుంది. పారవేయవలసిన వస్తువులను మళ్ళీ వాడుకోవడం, శుభ్రంగా అంటించడం, ధైర్యంగా నలుగురిలో మాటలాడడం మంచి గుణాలే. వాటిని తీసివేయడం విమర్శకుని ధర్మం కాదు.

కాని బొబ్బిలి వీణను గోడకు తగిలించి, దాని మెరుగు చూచి మాత్రమే మెచ్చుకుంటే వీణను మెచ్చుకున్నట్లు కాదు. తీగ మీటి స్వరం వినాలి. రాకెట్టు కూడ అంతే. నిలబడి వుండే నమూనా రాకెట్టు రూపాన్ని చూపుతుందే గాని, పనిని చూపదు. దాని రెక్కలు మూడున్నా, నాలుగున్నా, తలక్రిందులుగా అంటించినా నమూనాకు ఏ నష్టమూ లేదు. తప్పు చేస్తే తప్పని చెప్పగల శక్తి ఏ వస్తువుకు లేదో అది అలంకారమే గాని ప్రయోగం కాదు. ఎగరవలసిన రాకెట్టులో రెక్క వంకరగా వుంటే, ఉపాధ్యాయుడు చెప్పనవసరం లేకుండానే రాకెట్టు స్వయంగా చెబుతుంది. ఆ చెప్పడంలోనే శాస్త్రబోధన అంతా వున్నది.

మందు కూరిన రాకెట్టు

రెండవ రకం సాహసికులది. తారాజువ్వ మందును గాని, ఇంట్లో కలిపిన మందును గాని గొట్టంలో దట్టించి ఎగురవేయడం. ఇది నిజంగా ఎగురుతుంది. అందువలన మొదటిదానికంటె మేలైనదని కొందరికి తోచవచ్చును. ఈ అభిప్రాయాన్ని నిర్మొహమాటంగా ఖండించవలసి వున్నది.

మందు స్వభావం విచారిస్తే కారణం తెలుస్తుంది. కట్టె మండాలంటే బయటి గాలిలోని ఆక్సిజన్ కావాలి. గాలి అందకుండా మూస్తే మంట ఆరుతుంది. మందులో ఇంధనమూ, దానికి కావలసిన ఆక్సిజన్‌ను ఇచ్చే పదార్థమూ పక్కపక్కనే కలిసి వుంటాయి. ఒకసారి అంటుకుంటే మూసినా ఆరదు. పైగా మూసిన గొట్టంలో పీడనం పెరిగినకొద్దీ మండే వేగం కూడ పెరుగుతుంది. వేగం పెరిగితే పీడనం మరింత పెరుగుతుంది. దట్టించిన మందులో కంటికి కనపడని ఒక పగులు వున్నా, మండే ఉపరితలం ఒక్కసారిగా విస్తరించి గొట్టం బాంబుగా మారుతుంది. గొట్టం లోహానిదైతే దాని తునకలే తూటాలు. కనుక "కొంచెమే కలిపాము" అన్న మాటలో రక్షణ ఏమీ లేదు. ప్రమాదం కలిపేటప్పుడు, దట్టించేటప్పుడు, ఆరబెట్టేటప్పుడు కూడ పొంచి వుంటుంది. లైసెన్సు లేకుండా పేలుడు పదార్థాలు తయారుచేయడాన్ని 1884 నాటి పేలుడు పదార్థాల చట్టం నేరంగా పరిగణిస్తున్నది. చట్టం సంగతి అటుంచినా, ఒక పిల్లవాడి వ్రేళ్ళకు సమానమైన పాఠం ఏ పుస్తకంలోనూ లేదు.

ఈ చిక్కును ఇతర దేశాలు కూడ ఎదుర్కొన్నాయి. 1957 అక్టోబరు 4న సోవియట్ యూనియన్ స్పుత్నిక్‌ను ప్రయోగించిన తరువాత అమెరికాలో పిల్లలు పెరటిలో రాకెట్లు చేయడం మొదలుపెట్టారు. గాయపడినవారు ఎందరో. దానికి పరిష్కారం అంతకుముందే నెబ్రాస్కా రాష్ట్రంలో పుట్టి వున్నది. 1954లో ఆర్విల్ కార్లైల్ అనే చెప్పుల వర్తకుడు కాగితం, కలపలతో చేసిన చిన్న రాకెట్టుకు, విడిగా తయారుచేసి మార్చుకోదగిన మందుగొట్టాన్ని అమర్చాడు. రాకెట్ల ఇంజనీరు హారీ స్టైన్ దానిని 1957 తరువాత ప్రచారంలోకి తెచ్చాడు. దీనిలోని సూత్రం సులభం: ఒడలు పిల్లవాడు చేయాలి, మందుగొట్టం శిక్షణ గల కర్మాగారం చేయాలి. అటువంటి మందుగొట్టాలు మన గ్రామాల బజారులో దొరికే వస్తువులు కావు గనుక, వాటి స్థానంలో ఇంటి మందు వాడడం ఆ సూత్రాన్నే తలక్రిందులు చేయడం అవుతుంది.

ఈ సందర్భంలో హోమర్ హికమ్ వ్రాసిన "రాకెట్ బాయ్స్" (1998) అనే ఆత్మకథను, దాని ఆధారంగా 1999లో వచ్చిన "అక్టోబర్ స్కై" అనే చలనచిత్రాన్ని ప్రస్తావించక తప్పదు. పశ్చిమ వర్జీనియాలోని కోల్‌వుడ్ అనే బొగ్గుగనుల ఊరి పిల్లలు స్పుత్నిక్‌ను చూచి ఉత్సాహపడి, సొంతంగా రాకెట్లు చేసి, 1960లో జాతీయ సైన్సు ప్రదర్శనలో బహుమతి పొందిన కథ అది. చిత్రం చూచినవారికి మంటలు, పొగ, తండ్రీ కొడుకుల ఘర్షణ గుర్తుంటాయి. పుస్తకం చదివినవారికి మరొకటి గుర్తుంటుంది. మొదటి రాకెట్టు తల్లి పెంచుకున్న గులాబీతోట కంచెను పాడుచేసింది. ఎత్తైన ఆకాశానికి చేరిన చివరి రాకెట్ల వెనుక మాత్రం కాలిక్యులస్ అభ్యాసం వున్నది, నాజిల్ కొలతల లెక్క వున్నది, గని పనిశాలలోని నిపుణుల చేతులు వున్నాయి, ఒక ఉపాధ్యాయురాలి ప్రోత్సాహం వున్నది. మన ఉపాధ్యాయులు ఆ పుస్తకం నుంచి గ్రహించవలసినది మందు కాదు, లెక్క. చిత్రం చూపి ఊరుకుంటే పిల్లలు మొదటిదాన్నే గ్రహిస్తారు.

వివరణలలోని రెండు దోషాలు

నమూనా ఎంత బాగున్నా పక్కన అట్టమీద వ్రాసిన వివరణ తప్పైతే ప్రయోజనం లేదు. రాకెట్టు వివరణలలో రెండు దోషాలు మాటిమాటికీ కనిపిస్తాయి.

మొదటిది: "బయటికి వచ్చే వాయువులు వెనుకనున్న గాలిని నెట్టడం వలన రాకెట్టు ముందుకు పోతుంది" అన్నది. ఈ పొరపాటుకు గొప్ప వంశచరిత్ర వున్నది. 1920 జనవరి 13న న్యూయార్క్ టైమ్స్ పత్రిక తన సంపాదకీయంలో, గాలి లేనిచోట రాకెట్టు పనిచేస్తుందని నమ్మిన రాబర్ట్ గొడార్డును ఎగతాళి చేసింది. చంద్రునివైపు అపోలో-11 బయలుదేరిన మరునాడు, అనగా 1969 జూలై 17న, ఆ పత్రిక తన తప్పును దిద్దుకున్నది. నలభైతొమ్మిది సంవత్సరాలు పట్టిన సవరణ అది.

దారానికి గొట్టం గుచ్చి, గాలిబుడగ అంటించి వదిలే ప్రయోగాన్ని ఈ దోషానికి విరుగుడుగా చూపుతారు. కాని నిజానికి ఆ ప్రయోగం దోషాన్ని తొలగించదు. గాలిబుడగ గాలిలోనే పరుగెత్తుతున్నది గదా! గాలిని నెట్టి పరుగెత్తుతున్నదని పిల్లవాడు అనుకుంటే కాదనడానికి అందులో ఆధారం ఏమీ లేదు. దీనికంటె మంచి దృష్టాంతం నాగావళి, వంశధార తీరాలలో పెరిగిన పిల్లలకు దగ్గరలోనే వున్నది. నిశ్చలంగా వున్న చిన్న పడవ మీద ఒకడు నిలబడి ఇసుక నింపిన గోనెసంచిని వెనుకకు బలంగా విసిరితే పడవ ముందుకు కదులుతుంది. ఖాళీ గోనెసంచిని అదే ఊపుతో విసిరితే పడవ కదిలీ కదలనట్లు వుంటుంది. రెండు సంచులూ నెట్టే గాలి ఇంచుమించు ఒకటే. భేదం వున్నది ద్రవ్యరాశిలో. పైగా సంచి చేతిని విడిచే క్షణంలోనే పడవ కదులుతుంది, సంచి నీటిలో పడిన తరువాత కాదు. కనుక పడవను కదిలించినది గాలీ కాదు, నీరూ కాదు, విసిరిన సంచి ఇచ్చిన ప్రతిచర్య. న్యూటన్ మూడవ సూత్రాన్ని తొమ్మిదవ తరగతి విద్యార్థికి ఇంతకంటె విశదంగా చెప్పడం కష్టం.

రెండవ దోషం తారాజువ్వ తోకను గురించినది. "పుల్ల బరువుగా క్రిందికి వ్రేలాడుతూ లోలకంవలె జువ్వను నిట్టనిలువుగా వుంచుతుంది" అని చెబుతారు. వినడానికి సబబుగా తోస్తుంది. గొడార్డు వంటి మేధావికి కూడ మొదట ఇటువంటిదే తోచి వుండవచ్చును. 1926 మార్చి 16న మసాచుసెట్స్ రాష్ట్రంలోని ఆబర్న్‌లో ఆయన ఎగురవేసిన మొట్టమొదటి ద్రవ ఇంధన రాకెట్టులో మంట వచ్చే నాజిల్ పైన, ఇంధన తొట్లు క్రింద వున్నాయి. అది రెండున్నర సెకన్లు ఎగిరి, సుమారు 12.5 మీటర్ల ఎత్తుకు లేచి, 56 మీటర్ల దూరంలో పడింది. ఆ అమరిక రాకెట్టును నిటారుగా వుంచదని తెలిసిన తరువాత నాజిల్ క్రిందికి మారింది.

లోలకం పైనున్న మేకు కదలదు. అందువలన గుండు ప్రక్కకు పోతే మేకు దానిని వెనుకకు తెస్తుంది. ఎగిరే రాకెట్టుకు కదలని మేకు ఎక్కడ వున్నది? రాకెట్టు వంగితే త్రోపుడు దిశ కూడ దానితోపాటే వంగుతుంది. భూమ్యాకర్షణ అన్ని భాగాలనూ ఒకే త్వరణంతో లాగుతుంది గనుక, ద్రవ్యరాశి కేంద్రం చుట్టూ దానిని త్రిప్పి నిలబెట్టలేదు. నిలబెట్టేది గాలి. జువ్వ కొంచెం ప్రక్కకు తిరిగినప్పుడు పొడవైన పుల్ల మీద గాలి ప్రక్కనుంచి తాకుతుంది. ఆ తాకిడి పనిచేసే బిందువు, ద్రవ్యరాశి కేంద్రానికి బాగా వెనుక వుండడం వలన తోక మళ్ళీ వరుసలోకి వస్తుంది. గాలికోడి గాలివైపు ముక్కు త్రిప్పేదీ, బాణానికి ఈకలు కట్టేదీ ఇందుకే. పుల్ల చేసే పనినే రాకెట్టు రెక్కలు చేస్తాయి. ద్రవ్యరాశి కేంద్రం ముందు, గాలి తాకిడి కేంద్రం వెనుక అన్న ఒక్క నియమం తెలిసిన విద్యార్థికి రెక్కలు అలంకారంగా కనబడవు.

నీటితో ఎగిరే రాకెట్టు

మూడవ రకం నీటి రాకెట్టు. ఇందులో మంట లేదు, మందు లేదు. ప్లాస్టిక్ సీసాలో మూడవ వంతు నీరు పోసి, సైకిలు పంపుతో గాలి ఎక్కించి, మూతి క్రిందికి వుండేటట్లు వదిలితే, లోపలి గాలి నీటిని క్రిందికి త్రోస్తుంది, సీసా పైకి లేస్తుంది. పడవలో ఇసుకసంచి ఏ పని చేసినదో ఇక్కడ నీరు ఆ పని చేస్తున్నది. ఒకే పీడనం వద్ద నీరు లేకుండా ఒకసారి, నీటితో ఒకసారి ఎగురవేస్తే, నీటితో పోయినది ఎంతో ఎత్తుకు పోతుంది. ఖాళీ సంచికీ, నిండు సంచికీ వున్న భేదమే ఇది.

సామగ్రికి పట్టణానికి పోనవసరం లేదు. రెక్కలకు పాత శుభలేఖల అట్ట బాగుంటుంది గాని తడిస్తే రెండవసారికే మెత్తబడుతుంది. కొవ్వొత్తి మైనం రాస్తే కొంత మేలు. అంతకంటె ఎండిన తాటాకు మేలైనది. తేలికగా, బిరుసుగా వుండి తడికి లొంగదు. నార తీసిన తరువాత మిగిలే గోగుపుల్ల మందానికి ఆశ్చర్యమైనంత తేలిక. రెక్కల అంచులకు బలంగా వాడవచ్చును. ముక్కుకు గట్టి వస్తువు పనికిరాదు. పాత రబ్బరుబంతి సగం గాని, మెత్తని స్పాంజి గాని వుండాలి, ఎందుకంటే పైకి పోయినది క్రింద ఎవరి తలమీదనైనా పడవచ్చును. ముక్కులో కొంచెం బంకమన్ను పెడితే ద్రవ్యరాశి కేంద్రం ముందుకు జరుగుతుంది. ఎగురవేయకముందు పరీక్ష కూడ సులభం. ఖాళీ రాకెట్టును అది సమతూకంగా నిలిచే చోట పురికొసతో కట్టి, తల చుట్టూ త్రిప్పాలి. ముక్కు ముందుకు పెట్టి తిరిగితే రెక్కలు చాలును. అడ్డదిడ్డంగా తిరిగితే రెక్కలు పెద్దవి చేయాలి, లేదా ముక్కు బరువు పెంచాలి.

సీసాను గురించి ఒక హెచ్చరిక అత్యవసరం. తాగునీటి సీసాలు పలుచనివి, పీడనం కోసం చేసినవి కావు. గ్యాసు పానీయాల సీసాలు మాత్రమే వాడాలి. గాజు, లోహం ఎంతమాత్రం కూడదు. గీతలు, మడతలు పడిన సీసాను మార్చివేయాలి. గాలి 3 కిలోలు, అనగా పంపు గేజిలో సుమారు 43 పౌండ్లు, దాటరాదు. గేజి లేని పంపుతో ఈ ప్రయోగం చేయరాదు. పంపు గొట్టం 5 మీటర్లకు తక్కువ కాకుండా, ప్రేక్షకులు అంతకు రెట్టింపు దూరంలో వుండాలి. విద్యుత్ తీగలకు, రోడ్డుకు దూరంగా, కోతలైన పొలంలోనో, విశాలమైన ఆటస్థలంలోనో ఉపాధ్యాయుని ఎదుటనే ఎగురవేయాలి. తీరగ్రామాలలో మధ్యాహ్నం సముద్రపుగాలి లేస్తుంది. రెక్కలున్న రాకెట్టు గాలికి ఎదురు తిరిగి వంగిపోతుంది గనుక ఉదయం వేళ మేలు.

ఈ రకాన్ని కూడ దోషం లేనిదని అనరాదు. చాలమంది రబ్బరు బిరడాకు సైకిలు వాల్వు గుచ్చి, బిరడా దానంతట అదే ఊడేవరకు గాలి కొడతారు. అప్పుడు ఒకసారి రెండు కిలోలకు, మరొకసారి మూడు కిలోలకు ఊడుతుంది. ఎగరడం ఎగురుతుంది గాని, రెండు ఎగురుళ్ళను పోల్చడానికి వీలుండదు. పోల్చడానికి వీలులేనిది వినోదమే. సీసా మెడను పట్టి వుంచి, దూరం నుంచి త్రాడు లాగితే వదిలే కొక్కెం ఒకటి చేసుకుంటే, కోరిన పీడనం దగ్గర వదలవచ్చును. ఈ ఒక్క కొక్కెంతో ఆటబొమ్మ పరికరంగా మారుతుంది.

లెక్క

పరికరం వున్న తరువాత లెక్క మొదలవుతుంది. ఒక లీటరు సీసా రెక్కలు, ముక్కుతో కలిసి 100 గ్రాములు, నీరు 330 గ్రాములు, గాలి గేజి పీడనం 3 లక్షల పాస్కల్ అనుకుందాం. బయటికి దూకే నీటి వేగం కోసం పీడనాన్ని రెట్టించి, నీటి సాంద్రతచేత భాగించి, వర్గమూలం తీయాలి. 6,00,000ను 1,000చేత భాగిస్తే 600. దాని వర్గమూలం సుమారు 24.5. అనగా సెకనుకు 24.5 మీటర్లు. నీరు పోయినకొద్దీ లోపలి గాలి వ్యాకోచించి పీడనం తగ్గుతుంది. చివరకు నీటి వేగం సుమారు 16 మీటర్లకు దిగుతుంది. సగటున 20 అనుకోవచ్చును. నీరంతా పోవడానికి పట్టే కాలం సెకనులో ఇరవయ్యో వంతుకు దగ్గర. మూతి వ్యాసం 22 మిల్లీమీటర్లయితే మొదటి త్రోపుడు సుమారు 23 కిలోల బరువుకు సమానం. సీసామీద తల వంచి చూడరాదని చెప్పడానికి ఇంతకంటె మంచి హెచ్చరిక అక్కరలేదు.

రాకెట్టుకు చివర వచ్చే వేగాన్ని చెప్పే సూత్రాన్ని 1903లో ప్రకటించినవాడు కాన్‌స్టాంటిన్ త్సియోల్కోవ్‌స్కీ. ఆయన రష్యాలో కలూగా అనే ఊళ్ళో బడిపంతులు. ఈ సంగతి మన ఉపాధ్యాయులు గర్వంగా జ్ఞాపకం వుంచుకోదగినది. ఆయన సూత్రం ప్రకారం, బయలుదేరేటప్పటి ద్రవ్యరాశిని చివరి ద్రవ్యరాశిచేత భాగించి, ఆ నిష్పత్తి సహజ సంవర్గమానాన్ని నీటి వేగంచేత గుణించాలి. 430ని 100చేత భాగిస్తే 4.3. దాని సహజ సంవర్గమానం 1.46. దానిని 20చేత గుణిస్తే సెకనుకు సుమారు 29 మీటర్లు. ఆ వేగంతో పైకి విసిరిన వస్తువు గాలి నిరోధం లేకపోతే సుమారు 43 మీటర్లు పోతుంది. గాలి నిరోధం దీనిని తగ్గిస్తుంది, సీసాలో మిగిలిన గాలి తోసుకువచ్చి కొంచెం పెంచుతుంది. ఇది స్థూలమైన లెక్క. అయినా సరిచూడడానికి చాలును.

సరిచూడడం ఎట్లా? కోణమానినికి దారం కట్టి, చివర చిన్న రాయి కట్టితే ఎత్తుకోణం కొలిచే సాధనం సిద్ధం. ఎగురవేసే చోటికి 30 మీటర్ల దూరంలో ఒక విద్యార్థి నిలబడి, రాకెట్టు శిఖరం చేరినప్పుడు కోణం చూస్తాడు. కోణం 40 డిగ్రీలయితే దాని టాంజెంటు 0.84. 30చేత గుణిస్తే సుమారు 25 మీటర్లు. కంటి ఎత్తు 1.3 కలిపితే 26.5 మీటర్లు. పదవ తరగతి త్రికోణమితిలో దీపస్తంభం ఎత్తు లెక్క వేసే విద్యార్థికి, ఆ లెక్క దేనికని అడిగే అవసరం అప్పుడు వుండదు. ఎదురుబొదురుగా ఇద్దరు కొలిస్తే రాకెట్టు ఒకవైపు వంగినా తప్పు తెలుస్తుంది.

ఇప్పుడు నీటి పరిమాణాన్ని 100 మిల్లీలీటర్ల నుంచి 600 వరకు మార్చుతూ, ఒక్కొక్కదానికి మూడుసార్లు ఎగురవేసి, ఎత్తును గ్రాఫులో గీస్తే, రేఖ మొదట లేచి, ఒకచోట శిఖరం చేరి, మళ్ళీ దిగుతుంది. నీరు తక్కువైతే విసరడానికి ద్రవ్యరాశి చాలదు. ఎక్కువైతే త్రోయడానికి గాలి చాలదు, మోయవలసిన బరువు కూడ ఎక్కువ. ఈ గ్రాఫు ఒక్కటి గోడకు అంటించినా, రంగులు వేసిన పది రాకెట్ల కంటె అది గొప్ప ప్రదర్శన.

ఈ రాకెట్టు హద్దులు కూడ విద్యార్థికి చెప్పాలి. ఇందులో దహనం లేదు. కనుక రసాయనశక్తి గతిశక్తిగా మారడం కనబడదు. త్రోపుడు కన్నుమూసి తెరిచేలోపల అయిపోతుంది. మిగిలిన ప్రయాణమంతా విసిరిన రాయి ప్రయాణమే. నిజమైన రాకెట్టు నిమిషాల తరబడి త్రోసుకుంటూ పోతుంది. ఈ భేదం చెప్పకుండా నీటి రాకెట్టును చిన్న పీఎస్‌ఎల్‌వీ అని వర్ణించడం మరొక రకం అతిశయోక్తి.

తీర్పు చెప్పేవారికి

ప్రదర్శనలలో బహుమతులు నిర్ణయించేవారి చేతిలో బాధ్యత ఎక్కువ. వారు దేనికి మార్కులిస్తే మరుసటి సంవత్సరం జిల్లా అంతటా దానినే చేస్తారు. కనుక వారు అడగవలసిన ప్రశ్నలు కొన్ని వున్నాయి. ఇది ఎన్నిసార్లు ఎగిరింది? ఏ ఎగురుడు చెడిపోయింది, ఎందుకు? రెక్క తీసివేస్తే ఏమవుతుంది? ఎత్తు ఎట్లా కొలిచారు? లెక్కకూ కొలతకూ భేదం ఎందుకు వచ్చింది? ఈ ప్రశ్నలకు జవాబు చెప్పగల మురికి సీసాకు మొదటి బహుమతి, చెప్పలేని మెరుగురాకెట్టుకు ప్రశంస మాత్రం ఇవ్వాలి. ఇంటి మందు వాడినదానిని, ఎంత ఎత్తు ఎగిరినా సరే, ప్రదర్శనలోనికే రానీయరాదు. పత్రికలు కూడ అటువంటి సాహసాలను బాలమేధావుల విజయాలుగా పొగడకుండా వుండడం మంచిది. పొగడ్త చదివి అనుకరించే పిల్లవాడి పక్కన లెక్క తెలిసిన పెద్దవారు వుండకపోవచ్చును.

ఇదంతా ఒక ఆటబొమ్మకు అవసరమా అని ఎవరికైనా సందేహం రావచ్చును. భారతదేశపు రాకెట్ల చరిత్ర కూడ చిన్నగానే మొదలైనది. 1963 నవంబరు 21న కేరళలోని తుంబా నుంచి ఎగిరిన మొదటి రాకెట్టు అమెరికా ఇచ్చిన నైక్-అపాచీ. నాలుగేండ్లకు, 1967 నవంబరు 20న, మన దేశంలో తయారైన రోహిణి రాకెట్టు ఎగిరింది. దాని వ్యాసం 75 మిల్లీమీటర్లు. లీటరు పానీయపు సీసా దానికంటె లావుగా వుంటుంది. 2016 సెప్టెంబరు 8న శ్రీహరికోట నుంచి జీఎస్‌ఎల్‌వీ-ఎఫ్05 రాకెట్టు ఇన్శాట్-3డీఆర్ అనే వాతావరణ ఉపగ్రహాన్ని మోసుకుపోయింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. కొబ్బరితోటలు, జీడితోటలు నేలకూలాయి. అటువంటి తుఫానులు సముద్రంమీద వుండగానే వాటి కదలికను పైనుంచి చూడగలుగుతున్నది ఇటువంటి ఉపగ్రహాల వలననే.

రాకెట్టు పనిచేసే తీరు శ్రీకాకుళం తీరంలోని బెస్తపల్లె పిల్లవాడికి పరాయి విషయం కాదు. తుఫాను హెచ్చరిక వినబడిననాడు అతని తండ్రి వల దులిపి ఇంటివద్ద నిలిచిపోతాడు. ఆ హెచ్చరిక ఎక్కడినుంచి వచ్చినదో ఆ పిల్లవాడికి తెలియాలంటే థర్మోకోలు బొమ్మ చాలదు. వచ్చే ప్రదర్శన నాటికి ప్రతి పాఠశాలా ఒక సీసా, ఒక గేజి వున్న పంపు, ఒక కోణమానిని సిద్ధం చేసుకోగలదు. మిగిలిన సామగ్రి తాటిచెట్టు మీద, గోగుచేనులో వున్నది.